ఛాంబర్ మూత ఎక్కడుందో మీకు తెలుసా?

ఈ శీర్షికకు మామూలుగా వచ్చే ఉత్తరాలు వంటింటి గట్టు గురించి, గోడల రంగుల గురించి, ఈశాన్యం మూల గురించి. వానలు మొదలయ్యాక వచ్చినవాటిలో సగానికి పైగా మురుగు గొట్టాల గురించే. అందుకని ఈ వారం జవాబులు రాసే పని నాకు అప్పగించారు. హైదరాబాద్‌లో డ్రైనేజీ లైన్ల పనిలో 33 ఏళ్లు ఉండి రిటైరయ్యాను. ఇప్పటికీ ఎవరింటికి భోజనానికి వెళ్లినా గేటు దాటగానే ఛాంబర్, అంటే మురుగు గొట్టాలు కలిసేచోట నేలలో కట్టే తొట్టి, దాని మూత ఎక్కడుందా అని నా కళ్లు నేలమీదే వెతుకుతాయి. మా ఆవిడకి ఈ అలవాటు అస్సలు నచ్చదు.

ప్రశ్న: మాది జి ప్లస్ వన్ ఇల్లు, 1998లో కట్టాం. నెల రోజులుగా పై పోర్షన్ వాళ్లు ఫ్లష్ చేసినప్పుడల్లా కింద మా బాత్రూం జాలీలోంచి గుడగుడమని చప్పుడొస్తోంది. నీళ్లు మాత్రం బాగానే పోతున్నాయి. "పోతున్నాయి కదా, నీకెందుకు టెన్షన్" అంటారు మావారు. నిజంగా పట్టించుకోవాల్సిన సంగతేనా?
— ఒక గృహిణి, వనస్థలిపురం

జవాబు: పట్టించుకోవాల్సిందే తల్లీ. కంగారు మాత్రం వద్దు. ఆ చప్పుడు ఇప్పుడు వినిపించడం మీ అదృష్టం. చాలా ఇళ్లలో అది వినిపిస్తున్నా ఎవరూ వినరు. పండగ రోజు బాత్రూం నిండినప్పుడే తెలుస్తుంది.

జాలీ కింద ఒక చిన్న గిన్నెలాంటి వంపు ఉంటుంది. నహానీ ట్రాప్ అంటారు, మా మేస్త్రీలు నానీ ట్రాప్ అనేస్తారు. అందులో ఎప్పుడూ రెండు అంగుళాల లోతు నీళ్లు నిలిచి ఉండాలి. మురుగు గొట్టంలోని గాలికీ మీ బాత్రూంకీ మధ్య ఉన్న తలుపు ఆ నీళ్లే. పైనుంచి ఫ్లష్ నీళ్లు ఒక్కసారిగా దిగేటప్పుడు ముందున్న గాలిని నెడతాయి, వెనక ఉన్న గాలిని పీలుస్తాయి. మేడ మీదికి నిలువుగా వెళ్లే వెంట్ పైపు తెరిచి ఉండి, కింద లైన్ ఖాళీగా ఉంటే ఆ గాలి తన దారిన తాను పోతుంది. రెంటిలో ఏది మూసుకుపోయినా దగ్గర్లో ఉన్న ట్రాప్‌లోని నీళ్లను చీల్చుకుని వస్తుంది. మీకు వినిపించేది అదే.

కాబట్టి ముందు మేడెక్కి వెంట్ పైపు చూడండి. పావురాలు గూడు కట్టి ఉండొచ్చు. నేను ఒక ఇంట్లో వెంట్ పైపు మూతికి పాలిథిన్ కవరు కట్టి ఉండటం చూశాను. వాసన వస్తోందని కట్టారట! వెంట్ బాగానే ఉంటే ఇక కింద లైన్ సగం పూడింది అనుకోవాలి.

ఎక్కడ పూడిందో తెలుసుకోవడానికి మనిషిని పిలవక్కర్లేదు. ఒక్క సింకే నెమ్మదిగా పోతుంటే తప్పు ఆ సింకు గొట్టానిదే. కింద పోర్షన్‌లో రెండు మూడు చోట్ల ఒకేసారి నెమ్మదిస్తే తప్పు మెయిన్ లైన్‌ది. అప్పుడు ఛాంబర్ల మూతలు తీయండి. మొదట గేటు దగ్గరది, అంటే రోడ్డుకి దగ్గర్లో ఉన్నది. అది నిండి ఉంటే అడ్డు రోడ్డు వైపు ఉంది. అది ఖాళీగా ఉండి దాని వెనకది నిండి ఉంటే అడ్డు ఆ రెంటి మధ్య గొట్టంలో ఉంది. రోడ్డు వైపు అయితే జలమండలికి 155313 నంబరులో ఫిర్యాదు ఇవ్వండి. నీటి బిల్లు మీద ఉండే క్యాన్ నంబరు దగ్గర పెట్టుకోండి, అడుగుతారు.

నీళ్లు నిలిచి లేకపోయినా ఛాంబర్ గోడలు చూడండి. చుట్టూ తెల్లటి జిడ్డు చార ఉందా? చెరువు గట్టు మీద నీటి మట్టం గుర్తు ఉన్నట్టు, మీరు నిద్రపోతున్నప్పుడు మురుగు ఆ ఎత్తుదాకా వచ్చి దిగిందని దాని అర్థం. అడుగున అర్ధచంద్రాకారంలో కాలువ ఉంటుంది. దానికి రెండు పక్కలా ఉన్న వాలు గట్ల మీద మడ్డి పేరుకుని ఉన్నా అదే సంగతి. మా ఇంట్లో ప్రతి నెలా ఒకటో తారీఖున పాలవాడి లెక్క చూశాక ఛాంబర్ మూత తీసి చూస్తాను. రెండు నిమిషాల పని. మూత తీయగానే మొహం పెట్టకండి, పక్కకి జరిగి గాలి పోనివ్వండి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు.

ఈ బుద్ధి నాకు ఎప్పుడు వచ్చిందో కూడా చెప్పాలి. 2009లో మా అమ్మాయి పెళ్లి. ఇంటి ముందు అందంగా ఉండాలని పార్కింగ్ టైల్స్ వేయించాం. మధ్యలో ఛాంబర్ మూత వికారంగా ఉందని మేస్త్రీ అంటే, సరే దాని మీదుగా వేసెయ్యమన్నది నేనే. ఊళ్లో అందరి ఛాంబర్లూ చూసే మనిషిని! పెళ్లికి మూడు రోజుల ముందు, ఇంట్లో నలభై మంది చుట్టాలుండగా, కింది బాత్రూం ఎగదన్నింది. ఛాంబర్ ఎక్కడుందో అడుగులు కొలిచి అంచనా వేసి, గునపం పెట్టి కొత్త టైల్స్ పదకొండు పగలగొట్టాం. పదకొండోదాని కింద దొరికింది. ఆ సమయానికే వియ్యపురాలు చీరలు చూపించడానికి ఆటో దిగారు. మిగతాది రాయను.

మీ మూతలు టైల్స్ కింద ఉంటే ఇవాళే బయటికి తీయించండి. టైల్ అతికించుకునే గుంట ఉన్న మూతలు దొరుకుతున్నాయి, అందం కూడా పోదు.

ప్రశ్న: మూడు నెలలకోసారి సింకులో యాసిడ్ పోస్తే లైన్ శుభ్రంగా ఉంటుందని మా పక్కింటావిడ చెప్పారు. పోయొచ్చా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. వంటింటి లైన్‌లో పేరుకునేది నూనె, నెయ్యి, అన్నం మెతుకులు, టీ పిప్పి. నూనె జిడ్డుని యాసిడ్ కరిగించదు. సిమెంటుని మాత్రం తినేస్తుంది, ఛాంబర్ గోడలతో సహా. అంతకన్నా ప్రమాదం ఇంకోటి ఉంది. నిన్న బ్లీచింగ్ పౌడరు వేసిన చోట ఇవాళ యాసిడ్ పోస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు వేసిన బాత్రూంలో అది ఊపిరి తీసేంత పని చేస్తుంది. డబ్బాల్లో అమ్మే కాస్టిక్ పొడి జిడ్డు మీద పనిచేస్తుంది గానీ, గొట్టం పూర్తిగా మూసుకుపోయాక వేస్తే అక్కడే నిలిచి వేడెక్కి పీవీసీని మెత్తబరుస్తుంది. ఆ తర్వాత గొట్టం విప్పే ప్లంబర్ చేతులు కాలతాయి.

అరిసెలు, గారెలు వేయించిన మూకుడుని సింకులో పెట్టే ముందు పాత న్యూస్‌పేపర్‌తో ఒక్కసారి తుడవండి. పక్కింటావిడ యాసిడ్ కంటే ఆ కాగితం ముక్క నయం. వేడినీళ్లు పోస్తే జిడ్డు పోతుందనుకుంటారు. సింకు దగ్గర్నుంచి పోతుంది, పది అడుగుల అవతల చల్లారి మళ్లీ గడ్డకడుతుంది.

ప్రశ్న: మలక్‌పేటలో మా నాన్నగారు 1974లో కట్టిన ఇల్లు. నాలుగు నెలలకోసారి లైన్ జామ్ అవుతుంది. మనిషి వచ్చి వెదురు బద్దలు పెట్టి కొట్టి, డబ్బులు తీసుకుని వెళ్తాడు. పోయినసారి బద్దతోపాటు కొబ్బరి పీచులాంటిది బయటికొచ్చింది. ముందున్న తోటలో వేపచెట్టు, ఒక బాదం చెట్టు ఉన్నాయి. చెట్లు కొట్టించాలా?
— ఒక రిటైర్డ్ టీచరు, హైదరాబాద్

జవాబు: మాస్టారూ, అది పీచు కాదు, వేరు. మీ చెట్లు తప్పేమీ చేయలేదు. తప్పు గొట్టాల అతుకులది, ఇంకా చెప్పాలంటే వాటి వయసుది.

మీ ఇంటి కాలంలో వేసినవి చాలావరకు స్టోన్‌వేర్ పైపులు. గోధుమ రంగులో నున్నగా మెరుస్తుంటాయి, కాల్చిన మట్టితో చేసినవి. నిజానికి మంచి సరుకు, యాసిడ్‌కి కూడా లొంగవు. కానీ ఒక్కో ముక్క రెండడుగులే. ముప్పై అడుగుల లైన్ అంటే పదిహేను అతుకులన్నమాట. ఒక్కో అతుకులో సిమెంటు పాలలో ముంచిన జనపనార చుట్టి, పైన సిమెంటు పూసేవాళ్లం. నేనూ చిన్నప్పుడు మేస్త్రీ పక్కన కూర్చుని ఆ నార పేనాను. యాభై ఏళ్లలో నేల కదులుతుంది, పైన కారు తిరుగుతుంది, సిమెంటుకి వెంట్రుకంత పగులు వస్తుంది. ఆ పగులులోంచి చెమ్మ బయటికి, చెమ్మ వెతుక్కుంటూ వేరు లోపలికి. లోపల నీళ్లూ ఎరువూ రెండూ దొరుకుతాయి కాబట్టి అది జుట్టులా విచ్చుకుంటుంది. ఆ జుట్టుకి టిష్యూ కాగితం, తడి వైప్స్, తలవెంట్రుకలు చిక్కుకుని గడ్డ కడతాయి.

వెదురు బద్ద పెట్టి కొట్టడం అంటే ఆ గడ్డలో ఒక కన్నం చేయడం. వేరుకి అది క్షవరం లాంటిది, మళ్లీ పెరుగుతుంది. మీకు నాలుగు నెలలకోసారి అవుతోందంటే సరిగ్గా క్షవరం లెక్కే. కొందరు గొట్టంలో ఉప్పు పోయమంటారు. వేపచెట్టు ఎండుతుంది గానీ అతుకు మూసుకోదు.

ఇంకో రెండు సంగతులు చూసి చెప్పండి. ఛాంబర్ అడుగున ఇసుక, ఎర్రమట్టి కనిపిస్తోందా? ఇంట్లో వాడే నీళ్లలో మట్టి రాదు. అంట్లు మట్టితో తోమే రోజులు పోయాయి. మట్టి వస్తోందంటే గొట్టం ఎక్కడో పగిలి, చుట్టూ ఉన్న నేల లోపలికి కొట్టుకొస్తోంది. కొన్నాళ్లకి ఆ పైన నేల కుంగుతుంది. రెండోది, ఛాంబర్ పక్కన పందికొక్కు బొరియలు. పగిలిన అతుకు దగ్గర పందికొక్కు మన కంటే ముందు చేరుతుంది. బొరియ కనిపిస్తే అందులో సిమెంటు పోసి ఊరుకోకండి. దాని కింద గొట్టం చూడాలి.

ఇప్పుడు గొట్టంలోకి కెమెరా పంపి చూసేవాళ్లు నగరంలో ఉన్నారు. ఏ అతుకు దగ్గర వేరు ఉందో, ఎన్నో అడుగులో ఉందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఒక్కచోటే ఉంటే అక్కడే తవ్వి ముక్క మార్చుకోవచ్చు. కానీ మీ ఇంటి వయసు చూస్తే నా సలహా మొత్తం లైన్ మార్చేయమనే. ఇప్పటిదాకా బద్దలకిచ్చిన డబ్బు కూడి చూసుకుంటే మీకే తెలుస్తుంది.

మార్చేటప్పుడు మేస్త్రీ దగ్గరే నిలబడండి. వాలు మీద రాజీ పడొద్దు. మా పాత లెక్క సులువు: నాలుగంగుళాల గొట్టానికి నలభై అడుగులకి ఒక అడుగు వాలు, ఆరంగుళాలదానికి అరవై అడుగులకి ఒక అడుగు. మీ ముప్పై అడుగులకి నాలుగంగుళాల గొట్టం వేస్తే తొమ్మిదంగుళాలు దిగాలి. "నా కంటికి తెలుస్తుంది సార్" అంటాడు మేస్త్రీ. కన్ను వద్దు, లెవెల్ ట్యూబ్ పట్టించండి. మధ్యలో ఎక్కడా పొట్ట పడకూడదు. పొట్ట పడ్డచోట నీళ్లు నిలుస్తాయి, నీళ్లు నిలిస్తే మడ్డి నిలుస్తుంది. గొట్టం కింద ఇసుక పరిపించండి, రాళ్ల మీద పడుకోబెట్టనివ్వకండి. మలుపు తిప్పాల్సి వస్తే ఒకే పెద్ద వంపు వద్దు, అక్కడ ఛాంబర్ కట్టించండి. షాపులో ఎస్‌డబ్ల్యూఆర్ పైపులు, అంటే మురుగుకీ వాన నీళ్లకీ వాడే పీవీసీ గొట్టాలు, ఎ టైపు, బి టైపు అని రెండుంటాయి. ఎ పల్చన, వాన నీళ్లకీ వెంట్‌కీ. మరుగుదొడ్డికి వాడాల్సింది బి. ధర తేడా చూసి మేస్త్రీ ఎ తెస్తే వెనక్కి పంపండి. కారు నిలిపే చోట అయితే గొట్టం చుట్టూ కాంక్రీటు పోయించాలి.

చెట్లు కొట్టొద్దు మాస్టారూ. వేపకి ఆ గొట్టం నీళ్లు లేకపోయినా బతుకుతుంది. కొత్తగా నాటేవాళ్లకి మాత్రం చెప్తాను: రావి, మర్రి, కోనోకార్పస్ లైన్ దగ్గర పెట్టకండి.

ప్రశ్న: అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలకి వచ్చాం. తలుపు తీయగానే ఇల్లంతా మురుగు కంపు, ఒకటే బొద్దింకలు. లైన్ పగిలిందేమోనని భయంగా ఉంది.
— ఒక దంపతులు, రాజమహేంద్రవరం

జవాబు: పగల్లేదు, ఎండిపోయింది. పైన చెప్పిన ట్రాప్‌లో నీళ్లు ఆరు నెలల్లో ఆవిరైపోయి తలుపు తెరుచుకుంది. ప్రతి జాలీలో, సింకులో, కమోడ్‌లో ఒక్కో చెంబు నీళ్లు పోయండి, కిటికీలు తెరవండి. సాయంత్రానికి వాసన పోతుంది. పోకపోతే మళ్లీ రాయండి. ఈసారి వెళ్లేటప్పుడు జాలీల్లో నీళ్లు పోసి, పైన ఒక చెంచా వంటనూనె వేసి వెళ్లండి. నూనె పైన తేలి నీళ్లని ఆవిరి కానివ్వదు. నూనె సింకులో పోయొద్దని ఇందాకే చెప్పి ఇప్పుడు వేయమంటున్నానని నవ్వుకోకండి, ఒక్క చెంచానే.

చుట్టాల కోసం కట్టించి ఎవరూ వాడని బాత్రూం ఉన్నవాళ్లకీ ఇదే మాట. వారానికో చెంబు.

ప్రశ్న: మా డాబా మీది వాన నీళ్లు రోడ్డు మీదికి పోతుంటే ఎదురింటివాళ్లతో గొడవ. ఆ పైపుని డ్రైనేజీ ఛాంబర్‌లో కలిపేస్తే పోతుందని ప్లంబర్ కలిపేశాడు. ఈ ఏడు గట్టి వాన పడ్డప్పుడల్లా కింద బాత్రూంలోకి మురుగు ఎగదన్నుతోంది. గొట్టం చిన్నదైందా?
— ఒక ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: బాబూ, ఒక చిన్న లెక్క వేద్దాం. మీ డాబా వెయ్యి చదరపు అడుగులు అనుకోండి. దాని మీద ఒక్క అంగుళం వాన పడితే ఇంచుమించు 2,360 లీటర్ల నీళ్లు. నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున నీళ్లివ్వాలని ప్రభుత్వ లెక్క. నలుగురున్న ఇంటికి 540 లీటర్లు. అంటే మీ ఇంట్లో నాలుగు రోజులు వాడే నీళ్లకంటే ఎక్కువ, ఒక్క గంటలో ఆ ఛాంబర్‌లో పడుతోంది. పైగా మీ ప్లంబర్ లాంటివాళ్లు వీధిలో ఇంకెంతమంది కలిపారో! రోడ్డు లైన్ నిండగానే నీళ్లు తక్కువ ఎత్తులో ఉన్న దారి వెతుక్కుంటాయి. ఆ దారి మీ కింది బాత్రూం.

మురుగు వేరు, వాన వేరు. 1908లో మూసీ వరద ఊరిని ముంచాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టమని చెప్పిన ఆయనే ఊరికి భూగర్భ డ్రైనేజీ ఉండాలని కూడా చెప్పారు. నూరేళ్లు దాటాక మనం డాబా నీళ్లు తెచ్చి అందులో కలుపుతున్నాం.

రేపే ఆ కలయిక విడగొట్టించండి. వాన గొట్టాన్ని ఇంకుడు గుంతకి మళ్లించండి, ఎదురింటివాళ్లతో గొడవా తీరుతుంది. తర్వాత రోడ్డు ఎత్తు చూడండి. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేస్తారు. ఇరవై ఏళ్లలో మీ బాత్రూం నేల రోడ్డు కంటే కిందికి వెళ్లిపోయి ఉండొచ్చు. అలా అయితే గేటు దగ్గరి ఛాంబర్‌లో వెనక్కి రానివ్వని వాల్వ్ పెట్టించుకోండి. పెట్టించి మర్చిపోతే మాత్రం దాని రెక్కలో చెత్త ఇరుక్కుని మూసుకోదు. వానలకి ముందు మే నెలలో ఒకసారి విప్పి కడగాలి.

ఇంకో మాట. రోడ్డు మీద నీళ్లు నిలిచాయని మ్యాన్‌హోల్ మూత తీయకండి, తీసేవాళ్లని చూస్తే ఆపండి. నీళ్ల కింద ఆ కన్నం ఎవరికీ కనపడదు.

ప్రశ్న: మాది పల్లెటూరు కాదు గానీ మా వీధికి ఇంకా లైన్ రాలేదు, సెప్టిక్ ట్యాంకే. పదకొండేళ్లుగా మూత తీయలేదు. ఇప్పుడు కమోడ్‌లో నీళ్లు నెమ్మదిగా దిగుతున్నాయి, వెనక దొడ్లో ఒకచోట ఎప్పుడూ తడే. బండి పిలిస్తే ఖర్చని, ఇద్దరు మనుషులు దిగి తక్కువలో చేస్తామంటున్నారు. చేయించుకోవచ్చా?
— ఒక రైతు, తెనాలి

జవాబు: వద్దన్నా. ట్యాంకులోకి మనిషిని దించొద్దు. ముందు ఇది చెప్పాకే మిగతావి.

సెప్టిక్ ట్యాంకులో, మ్యాన్‌హోల్‌లో పుట్టే గ్యాస్‌కి మొదట కుళ్లిన గుడ్డు వాసన ఉంటుంది. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. దిగినవాడు 'వాసన పోయిందిలే' అనుకుంటాడు. ఆ తర్వాత రెండు మూడు ఊపిర్లలో పడిపోతాడు. వాణ్ని తీయడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. ఇలాంటివి ఇద్దరు ముగ్గురు కలిసి పోయిన వార్తలే ఎప్పుడూ ఎందుకు చూస్తామో ఆలోచించండి. దీపం దించి చూస్తాం అంటారు పాతవాళ్లు. లోపల మీథేన్ ఉంటే దీపమే ప్రమాదం.

చట్టం కూడా ఒప్పుకోదు. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి గానీ మురుగు లైన్‌లోకి గానీ దింపించినవాళ్లకి మొదటి తప్పుకే రెండేళ్లదాకా జైలు, రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. 'వాళ్లే దిగుతామన్నారు' అంటే చెల్లదు. ప్రాణం పోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ మునిసిపల్ ఆఫీసులో అడిగితే బండి పంపుతారు. 14420కి ఫోన్ చేసినా చాలా ఊళ్లలో పలుకుతారు. తోడిన మడ్డి ఎక్కడ పోస్తారని బండివాణ్ని అడగండి. కాలవలో పోస్తానంటే ఆ బండి వద్దు, మీ పొలానికి నీళ్లొచ్చేదీ కాలవలోంచే కదా.

ఇక మీ ట్యాంకు సంగతి. మడ్డి అడుగుకి చేరి, జిడ్డు పైకి తేలి, మధ్యలో తేరిన నీళ్లు మాత్రమే ఇంకుడు గుంతలోకి పోవడం దాని పద్ధతి. రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించాలి. పదకొండేళ్లు తీయకపోతే మడ్డే నిండిపోయి ఇంకుడు గుంతలోకి కొట్టుకుపోతుంది. అక్కడ నేల రంధ్రాలు మూసుకుపోతాయి. మీ దొడ్లో తడి అదే అయ్యుండొచ్చు. అప్పుడు ట్యాంకు తోడించినా సరిపోదు, గుంత కూడా బాగుచేయించాలి, ఒక్కోసారి కొత్తది తవ్వించాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఖర్చు ఎక్కడ పెరుగుతుందో చూడండి. తాగే నీటి బోరో బావో ఉంటే ఆ గుంత దానికి 60 అడుగుల దూరంలో ఉండాలి. అంతకన్నా దగ్గరగా ఉంటే నీళ్లు పరీక్ష చేయించండి, అందాకా కాచి తాగండి. ట్యాంకు తోడించిన తేదీ పెయింటుతో మూత మీదే రాయించండి. ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: వైజాగ్‌లో ఇరవై రెండేళ్ల పాత ఇల్లు కొనబోతున్నాం. కాగితాలు లాయరు చూశాడు, వాస్తు మా మామగారు చూశారు. డ్రైనేజీ ఎలా చూడాలి?
— కొత్తగా ఇల్లు కొంటున్న ఒకరు, విశాఖపట్నం

జవాబు: ఈ ప్రశ్న అడిగినవాళ్లని నా జీవితంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దీనికోసం ఒక పూట కేటాయించండి, ఇంట్లో మనుషులున్నప్పుడే వెళ్లండి. ఖాళీ ఇంట్లో ఏ లైనైనా బాగానే ఉంటుంది.

బట్టలకి వేసే నీలిమందు ఒక సీసా పట్టుకెళ్లండి. పై అంతస్తు కమోడ్‌లో కాస్త వేసి ఫ్లష్ చేయించి, మీరు గేటు దగ్గరి ఛాంబర్ మూత తీసి నిలబడండి. నీలం రంగు నీళ్లు ఒక్క ఊపున వచ్చి పోయాయా, లేక మెల్లగా వచ్చి అక్కడే తిరుగుతున్నాయా చూడండి. అసలు రాకపోతే లైన్ ఇంకెటో పోతోంది, ఎటో కనుక్కోకుండా కదలకండి. తర్వాత అన్ని బాత్రూముల్లో ఒక్కొక్కరిని నిలబెట్టి బకెట్ నీళ్లు ఒకేసారి పోయించండి. ఏ జాలీ గుడగుడలాడుతుందో వినండి.

ఛాంబర్ నుంచి ఛాంబర్‌కి లైన్ తిన్నగా ఉందో లేదో చూడటానికి మా పాత చిట్కా ఉంది. ఒక ఛాంబర్‌లో గొట్టం మూతి దగ్గరికి కర్రకి కట్టిన టార్చిలైటు దించి, రెండోదాంట్లో అలాగే అద్దం ముక్క దించి పైనుంచి చూడాలి. అద్దంలో వెలుగు నిండు చందమామలా గుండ్రంగా కనిపిస్తే గొట్టం తిన్నగా, ఖాళీగా ఉన్నట్టు. అర్ధచంద్రుడు కనిపిస్తే పొట్ట పడింది, లేదా అడుగున మడ్డి ఉంది. అమావాస్య అయితే మీకు నేను చెప్పక్కర్లేదు.

గోడల మీద జిడ్డు చార, అడుగున ఇసుక, పక్కన బొరియ, ఇవన్నీ పై ఉత్తరాల్లో చెప్పాను. లైన్ పడగ్గది కింద నుంచి పోతోందా అని కూడా అడగండి. అలా ఉంటే రేపు రిపేరుకి మంచం జరపాల్సి వస్తుంది.

ఇంటాయన "ఛాంబరా? టైల్స్ వేయించాం కదండీ, ఎక్కడుందో తెలీదు" అంటే ఇల్లు వదులుకోకండి. గునపం మనిషిని ఆయన ఖర్చుతోనే పిలిపించి, మూత బయటపడ్డాకే అడ్వాన్స్ ఇస్తామనండి. పదకొండు టైల్స్‌కి ఎంతవుతుందో కావాలంటే నన్నడగండి, ఆ బిల్లు ఇంకా నా దగ్గరే ఉంది.